తెలుగు రాని కాపలాదారు

మీకు థాయి భాష ఒక్క ముక్క కూడా రాదనుకోండి. థాయిలాండులో నలుగురు కుర్రాళ్ళు జీతం బత్తెం లేకుండా, రాత్రుళ్ళు కూర్చుని, ఒక సాఫ్టువేరు మొత్తాన్ని తమ భాషలోకి తెచ్చి మీ చేతిలో పెట్టారు. వచ్చే వారం అది లక్షల కంప్యూటర్లలోకి వెళ్ళాలి. విడుదల చేసేది మీరు. అందులో రాసింది బాగుందని, కనీసం బూతులు లేవని, మీరు ఎలా చెప్తారు?

సరదాకి ఊహించిన ప్రశ్న కాదిది. స్వేచ్ఛా సాఫ్టువేరు ప్రపంచంలో చాలా ఏళ్ళుగా ఎవరో ఒకరు రోజూ ఎదుర్కొంటున్నదే. థాయి తీసేసి తెలుగు అని పెడితే మన కథ అవుతుంది. ఇవాళ కంప్యూటర్లో మనం చూస్తున్న తెలుగులో చాలా భాగం ఇలాంటి ఏర్పాటులోంచి వచ్చిందే. పని చేసినవాళ్ళు తెలుగువాళ్ళు. తాళం చెవులు ఉన్నది తెలుగు రానివాళ్ళ దగ్గర. ఈ ఇద్దరూ ఇన్నేళ్ళు ఎలా కాపురం చేశారు, ఎక్కడ కుదిరింది, ఎక్కడ బెడిసింది అన్నది చెప్పుకోదగ్గ చరిత్ర అని నాకనిపిస్తుంది.

నేను పగలంతా చేసేది దీనికి సరిగ్గా ఎదురు పని. ఇక్కడ అల్ రయ్యాన్‌లో మా ఆఫీసులో, సర్వరు మీద ఒక్క లైను మార్చాలన్నా ముగ్గురు చూడాలి. ఆ ముగ్గురికీ ఆ లైను చదవడం వచ్చు. పైవాడు కుదరదంటే కుదరదు, మర్నాడు మళ్ళీ వచ్చి కూర్చుంటాం, ఎందుకంటే నెలాఖరుకి జీతం ఉంది. జీతం లేని చోట ఆ పప్పులు ఉడకవు. ఊరికే కుదరదు కుదరదు అంటూ ఉంటే రేపు పని చేసేవాడు మిగలడు. అలాగని మీ ఇష్టం మీ ఇష్టం అంటూ ఉంటే ఎల్లుండికి ప్రాజెక్టు మిగలదు.

చదవడం వచ్చినవాళ్ళ గొడవలు

ముందు, అందరికీ అన్నీ చదవడం వచ్చిన చోట ఏమైందో చూద్దాం.

లినస్ టోర్వాల్డ్స్ 1991 ఆగస్టులో లినక్స్ సంగతి బయటపెట్టినప్పుడు వచ్చిన ప్రతి మార్పూ తనే చదివేవాడు. కొన్నేళ్ళకే అది అయ్యే పని కాదని తేలిపోయింది. 1998 నాటికి, పంపిన మార్పులు ఎటు పోతున్నాయో తెలియడం లేదని, ఒక్క మనిషి ఇంతమందికి సరిపోడని బాహాటంగానే గొడవలు. మెల్లగా ఒక పద్ధతి ఏర్పడింది. నెట్‌వర్కు భాగానికి ఒకరు, ఫైల్ సిస్టములకు కొందరు, డ్రైవర్లకు ఇంకొందరు. మార్పు ముందు ఆ భాగం పెద్ద దగ్గరికి వెళ్తుంది, ఆయన సరే అంటే పైకి వస్తుంది. లినస్ ఇప్పుడు చూసేది ముఖ్యంగా మనుషుల్ని. ఈ మనిషి పంపింది ఇంతవరకు చెడగొట్టలేదు కాబట్టి ఇదీ తీసుకోవచ్చు అన్న లెక్క.

2003లో ఎస్‌సీఓ అనే కంపెనీ తమ కోడు లినక్స్‌లో ఉందంటూ కోర్టుకెక్కింది. ఆ మరుసటి ఏడు నుంచి ఒక చిన్న నియమం పెట్టారు. మార్పు ఎవరి చేతుల మీదుగా వస్తే వాళ్ళందరూ దాని కింద సంతకం చెయ్యాలి. పెద్ద గొడవ తర్వాత వచ్చిన చాలా చిన్న నియమం, ఒక్క లైను. కానీ ఏ మార్పు ఎటు నుంచి వచ్చిందో ఎవరైనా వెనక్కి నడిచి చూడొచ్చు. ఈ సంతకం సంగతి గుర్తుపెట్టుకోండి, దీనితో తర్వాత పనుంది.

డెబియన్ ఇంకో దారి పట్టింది. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టులో ఎవరి ప్యాకేజీకి వాళ్ళే రాజు. కానీ రాజులందరికీ కలిపి ఒకే విధాన గ్రంథం ఉంటుంది, 1998 డిసెంబరు నుంచి ఒక రాజ్యాంగం కూడా ఉంది. ఏటా నాయకుణ్ణి ఎన్నుకుంటారు. ఆ నాయకుడికి ఎవరినీ ఫలానా పని చెయ్యమని ఆజ్ఞాపించే అధికారం లేదు! స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళని ఆజ్ఞాపించలేమన్న సత్యాన్ని రాజ్యాంగంలోనే రాసుకున్నారన్నమాట. అపాచీ వాళ్ళ పద్ధతి మరీ ముచ్చటగా ఉంటుంది. కోడు మార్పుని ఏ ఒక్క సభ్యుడైనా వీటో చెయ్యొచ్చు, కానీ సాంకేతికమైన కారణం చెప్పి తీరాలి. కారణం చెప్పని వీటో చెల్లదు.

గొడవలు లేవని కాదు. 2014లో సిస్టమ్‌డీ విషయంలో డెబియన్ సాంకేతిక సంఘం సగం సగంగా చీలి, అధ్యక్షుడి ఓటుతో తేలింది. నచ్చనివాళ్ళు విడిపోయి డెవువన్ అని వేరు కాపురం పెట్టుకున్నారు. కానీ వీటన్నిటిలో ఒక సౌకర్యం ఉంది. గొడవపడేవాళ్ళందరికీ సీ భాష వచ్చు. ఎదుటివాడు రాసింది తప్పో ఒప్పో, కూర్చుంటే, చదివి తేల్చుకోవచ్చు.

భాషల దగ్గరికి వచ్చేసరికి ఆ సౌకర్యం పోతుంది.

శాతం గుర్తు దాకానే చూపు

కంప్యూటర్లోకి తెలుగు తెచ్చినవాళ్ళు మొదట్లో ఏ కేంద్రాన్నీ అడగలేదు. 1990ల మొదట్లో అమెరికాలో రైస్ యూనివర్సిటీలో ఉన్న కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ గార్లు తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే ఆర్‌టీఎస్ పద్ధతి పెట్టారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లు తయారుచేసి ఉచితంగా ఇచ్చారు. వెన్న నాగార్జున గారు పద్మ అనే ఉపకరణం రాశారు. తలో ఫాంటులో ఉన్న పత్రికల తెలుగుని యూనికోడులోకి మార్చి చూపించేదది. ఆ పద్మ ఆధారంగానే 2006లో వీవెన్ గారు లేఖిని కట్టారు. నాలాగా టైపింగు ఇన్‌స్టిట్యూట్ గడప తొక్కకుండా తెలుగు రాయడం మొదలుపెట్టిన చాలామందికి మొదటి పలక అదే. ఇదంతా ఎవరికి తోచింది వాళ్ళు చేసినది. ఎవరికి వారే యమునా తీరే అని మనం ఎగతాళిగా అంటాం గానీ, తెలుగు విషయంలో ఆ తీరానే చాలా మేలు జరిగింది.

అసలు చిక్కు మనది కాని ఇంట్లోకి వెళ్ళినప్పుడు మొదలయింది. గ్నోమ్, కేడీఈ, ఫైర్‌ఫాక్స్, మీడియావికీ, వీటిలో దేన్ని తెలుగులోకి తేవాలన్నా అక్కడి పద్ధతికి ఒదగాలి.

గ్నోమ్ సంగతే చూడండి. ఒక్కో భాషకి ఒక్కో జట్టు, జట్టుకి ఒక సమన్వయకర్త. జట్టులో ఏ మాట వాడాలన్నది పూర్తిగా జట్టు ఇష్టం. కేంద్రం చూసేది రెండే. ఒకటి, మొత్తం వాక్యాల్లో 80 శాతం అయినా అనువాదమయ్యాయా? అయితే ఆ భాషని గ్నోమ్ ఆదరించే భాషగా ప్రకటిస్తారు. రెండు, యంత్రం పరీక్ష. ఇంగ్లీషు వాక్యంలో శాతం గుర్తు, దాని పక్కన ఒక అక్షరం ఉంటాయి. నడిచేటప్పుడు అక్కడికి ఫైలు పేరో, అంకెో వచ్చి చేరుతుంది. తెలుగు వాక్యంలో ఆ గుర్తు పోతే, తప్పుగా పడితే, ప్రోగ్రామే కూలిపోవచ్చు. అందుకని అవి సరిపోయాయో లేదో ఒక పరికరం లెక్కపెడుతుంది. సరిపోతే గేటు తెరుచుకుంటుంది.

అంటే కాపలాదారు చూపు శాతం గుర్తు దాకానే. దాని చుట్టూ ఉన్న తెలుగు అతనికి ముగ్గులాగా కనిపిస్తుంది.

చూపు ఆగిపోయేది ఎక్కడో తెలుసుకోవాలంటే ఒక ఉదాహరణ. "ఫలానా వ్యక్తి మీకు సందేశం పంపించెను" అనే అర్థంలో ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంటుంది. ఇంగ్లీషు క్రియకి ఆడామగా తేడా లేదు. తెలుగులో పంపాడా, పంపిందా? మన అనువాదకులు దీనికి చక్కటి ఉపాయం పట్టారు, "పంపారు" అనేశారు. గౌరవానికి గౌరవం, చిక్కూ తీరింది. అలాగే పేరు రావాల్సిన ఖాళీకి పక్కన విభక్తి అతికించాలి. "రాముడు" వస్తే "రాముడికి" కావాలి, యంత్రం "రాముడుకు" అంటుంది. దాన్ని తప్పించడానికి కొందరు పేరు తర్వాత "గారికి" అని చేరుస్తారు, కొందరు వాక్యాన్నే తిప్పి రాస్తారు. ఇందులో ఏది మంచి తెలుగు, ఏది పేలవం అన్నది యూరపులో కూర్చుని విడుదల చేసే మనిషికి ఎప్పటికీ తెలియదు. తెలియనక్కర్లేదు కూడా. తెలిసినవాళ్ళు ఇక్కడ ఇద్దరైనా ఉండి ఒకరిది ఒకరు చూసుకుంటే చాలు.

ఒక్కరే ఉంటేనో? అది తర్వాత.

సభ్యుడు వాడుకరి అయిన కథ

బాగా కుదిరిన సందర్భం ఒకటి చెప్తాను. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు 10న మొదలయింది, మొదలుపెట్టింది పైన చెప్పిన నాగార్జున గారే. వికీపీడియా నడిచే సాఫ్టువేరు పేరు మీడియావికీ. ఆ సాఫ్టువేరు, సర్వర్లు, వాటి తాళాలు అమెరికాలోని వికీమీడియా ఫౌండేషన్ దగ్గర ఉంటాయి. లోపల ఏం రాయాలి, ఎవరిని నిర్వాహకులుగా ఎన్నుకోవాలి, ఏ నియమాలు పెట్టుకోవాలి అన్నది ఆ భాషవాళ్ళ ఇష్టం. మనవాళ్ళు చర్చించుకునే చోటికి రచ్చబండ అని పేరు పెట్టుకున్నారు. చిన్న వ్యాసాన్ని మొలక అన్నారు. ఇవి ఏ నిఘంటువు సంఘమూ కూర్చుని చేసిన మాటలు కావు, వాడుతూ వాడుతూ నిలిచినవి.

మొదట్లో ఖాతా తెరిచినవాళ్ళ పేజీలకు "సభ్యులు" అని ముందు తగిలించేవారు. బొమ్మల పేజీలకు "బొమ్మ". వినడానికి ఇంపుగానే ఉన్నాయి. కానీ వికీపీడియాలో సభ్యత్వం అంటూ ఏముంది? చందా కట్టాలా? వచ్చి వాడుకునేవాళ్ళే కదా అందరూ. అలాగే బొమ్మల చోటులోకి శబ్దాలు, వీడియోలు, పుస్తకాలు కూడా వచ్చి చేరుతుంటే, పాటని పట్టుకుని బొమ్మ అనడం ఎలా? "సభ్యులు" పోయి "వాడుకరి" వచ్చింది, "బొమ్మ" పోయి "దస్త్రం" వచ్చింది. వాడుకరి అన్న మాట అప్పట్లో చాలామందికి పంటికింద రాయిలా తగిలింది. ఇప్పుడు తెవికీలో రాసేవాళ్ళకి అది సొంత ఇంటిపేరు లాంటిది.

ఇక్కడ నాకు నచ్చింది మాట కంటే మార్పు జరిగిన తీరు. ఈ పేర్లు ఉండేది మీడియావికీ మూల కోడులో. తెలుగువాళ్ళు ఎంత చర్చించుకున్నా, ఆ ఫైలు మార్చి సర్వర్ల మీదికి ఎక్కించేది కేంద్రంలోనే. వాళ్ళు, ఈ మాట ఎందుకు ఆ మాట ఎందుకని అర్థాలు అడగలేదు. అది మన రచ్చబండ పని. కానీ పాత పేర్లని తుడిచెయ్యకుండా మారుపేర్లుగా అట్టే ఉంచారు. "సభ్యులు" అని పాత లింకు నొక్కినా కొత్త చోటికే వెళ్తుంది. అప్పటిదాకా వేలమంది పెట్టిన లింకుల్లో ఒక్కటీ తెగలేదు. మాట మార్చుకునే హక్కు మనది, పాత దారి మూసుకుపోకుండా చూసే బాధ్యత వాళ్ళది. ఎవరికి ఏది తెలుసో వాళ్ళు అది చేశారు.

కీబోర్డుల సంగతీ ఇంతే. వికీలో తెలుగు రాసే ఏర్పాటు మొదట్లో మనవాళ్ళు స్థానికంగా పెట్టుకున్న స్క్రిప్టు. మలయాళం వాళ్ళూ అలాగే సొంతంగా చేసుకున్నారు. వాళ్ళదే నారాయం అన్న పేరుతో 2011 ప్రాంతంలో అన్ని భాషలకూ పనికొచ్చే పొడిగింత అయింది, 2013 నుంచి దాని చోటులోకి ఇంకా పెద్ద ఏర్పాటు వచ్చింది. ఒక భాషవాళ్ళు తమ అవసరానికి చేసుకున్నది కేంద్రం తీసుకుని అందరికీ పంచింది. ఇవాళ అందులో తెలుగుకి లిప్యంతరీకరణ, ఇన్‌స్క్రిప్ట్‌లతో పాటు ఆపిల్, మాడ్యులర్ కీబోర్డులు కూడా ఉన్నాయి. డీటీపీ సెంటర్లలో ఏళ్ళ తరబడి పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు కొట్టినవాళ్ళ వేళ్ళకి అలవాటైన కీబోర్డులవి. ఇలాంటివి ఉన్నాయన్న సంగతే శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎవరికీ తట్టదు. అది చెప్పగలిగేది విజయవాడలోనో వరంగల్లులోనో ఉన్న మనిషే.

గూగుల్ వాళ్ళ వ్యాసాలు

ఇక కుదరని సంగతి.

2009లో గూగుల్ ట్రాన్స్‌లేటర్ టూల్‌కిట్ అని ఒకటి విడుదల చేసింది. దానితో, డబ్బిచ్చి పెట్టుకున్న అనువాదకుల చేత, ఇంగ్లీషు వికీపీడియా వ్యాసాలను మన భాషల్లోకి చేయించింది. హిందీ, తమిళం, తెలుగు, కన్నడం, గుజరాతీ, అరబిక్, స్వాహిలీ. 2010 జులై నాటికి 1.6 కోట్ల పదాలకు పైగా అనువదించామని గూగులే ప్రకటించింది. ఈ అనువాదాలు యంత్రానికి శిక్షణ సామగ్రిగానూ పనికొస్తాయి. 2011 జూన్‌లో గూగుల్ అనువాదంలోకి తెలుగు వచ్చింది కూడా.

పైకి చూస్తే పండగే. చిన్న వికీ, రాసేవాళ్ళు తక్కువ, పొడుగాటి వ్యాసాలు ఊరికే వచ్చి పడుతున్నాయి. దగ్గరికి వెళ్తే వేరే సంగతి. ఇంగ్లీషు వాక్యాన్ని ఎక్కడికక్కడ తుంచి తెలుగు మాటలు పేర్చినట్టుండేవి. మన పాఠకుడికి ఏం కావాలన్న ఆలోచన ఎంపికలో కనబడేది కాదు. రాసినవాళ్ళు మళ్ళీ వెనక్కి వచ్చి చూసేవాళ్ళు కాదు. చర్చ పేజీలో అడిగితే పలికేవాళ్ళు లేరు.

ఈ ఒక్క పరిస్థితికే మూడు భాషలవాళ్ళు మూడు రకాలుగా స్పందించారు. బెంగాలీ వికీ మాకొద్దంది, వచ్చిన వాటిని తీసేసింది. తమిళ వికీ ఆపి, గూగుల్‌తో కూర్చుని మాట్లాడింది. ఏయే వ్యాసాలు కావాలో మేమిస్తాం, ముందు వచ్చినవి సరిదిద్దాకే కొత్తవి అని షరతులు పెట్టింది. తమిళ వికీపీడియన్ రవిశంకర్, 2010 జులైలో పోలండులోని గ్దాన్స్క్‌లో జరిగిన వికీమేనియాలో ఈ లోటుపాట్లన్నీ వరసపెట్టి చెప్పారు. గూగుల్ ప్రతినిధి తమ విజయాన్ని ప్రకటించింది కూడా ఆ సభలోనే.

తెలుగులో అవి వచ్చాయి, ఉండిపోయాయి. వాటికంటూ ఒక వర్గం పెట్టారు, పైన పట్టీ తగిలించారు. ప్రాజెక్టు ఆగిపోయాక కూడా వాటిని ఎవరు బాగుచెయ్యాలి, బాగుపడనివి తీసెయ్యాలా అన్న చర్చ ఏళ్ళ తరబడి నడిచింది. ఆ శుద్ధి పని మీద కూర్చున్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. ఒక పొడుగు వ్యాసాన్ని మొదటినుంచి రాయడం కంటే అలాంటిదాన్ని బాగుచెయ్యడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుసు. ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ఇది ఇంగ్లీషులో ఏమై ఉంటుందా అని ఊహించి, మళ్ళీ తెలుగులోకి రావాలి.

దీనికి వికీపీడియా కేంద్రాన్ని నిందించడం తేలిక. అడ్డుకోవచ్చు కదా అనొచ్చు. కానీ ఏ ఆధారంతో అడ్డుకుంటుంది? వాళ్ళకి ఆ తెలుగు చదవడం రాదు. శాతం గుర్తులన్నీ సరిగ్గానే ఉన్నాయి! వద్దనే హక్కు బెంగాలీకి, తమిళానికి ఎంత ఉందో తెలుగుకీ అంతే ఉంది. తేడా హక్కులో లేదు. ఆ హక్కు పట్టుకుని నిలబడి, చదివి, రాసి, ఉత్తరాలు నడిపి, గ్దాన్స్క్ దాకా వెళ్ళి మాట్లాడే మనుషుల సంఖ్యలో ఉంది. స్వయంప్రతిపత్తిని ఎవరో ఇస్తారు, మనం తీసుకుంటాం అనుకుంటాం. దాన్ని వాడుకోవడానికి చేతులు కావాలి.

కంచె చేను మేస్తే

చేతులు తక్కువైతే ఏమవుతుందో మిగతా ప్రపంచం చూసింది.

స్కాట్స్ అనే చిన్న భాష వికీపీడియాలో 20 వేలకు పైగా వ్యాసాలు రాసింది ఒక్క అమెరికన్ కుర్రాడు, పన్నెండో ఏట మొదలుపెట్టి. అతనికి స్కాట్స్ రాదు. ఇంగ్లీషు వాక్యాలకే యాస తగిలించాడు. కుర్రాడికి దురుద్దేశం లేదు, సరదా, పట్టుదల. 2020 ఆగస్టులో ఒకరు బయటపెట్టేదాకా ఏడేళ్ళపాటు ఎవరూ పట్టించుకోలేదు. తమ భాష అచ్చంగా ఇదే కాబోలని లోకం అనుకుంటోందని స్కాట్లండు వాళ్ళు లబోదిబోమన్నారు.

క్రొయేషియన్ వికీపీడియాది ఇంకా ముదురు కథ. అక్కడ కొద్దిమంది నిర్వాహకులు ఒక ముఠాగా చేరి, రెండో ప్రపంచయుద్ధ కాలపు ఫాసిస్టు పాలనని తెల్లకడిగే రాతలు నిలబెట్టారు, కాదన్నవాళ్ళని నిషేధించారు. 2013లోనే ఆ దేశ విద్యామంత్రి, పిల్లలూ దాన్ని నమ్మకండి అని చెప్పాల్సొచ్చింది. అయినా కేంద్రం కదిలి, పరిస్థితి మారేసరికి 2020 వచ్చింది. నివేదిక 2021లో వచ్చింది. ఏళ్ళ తరబడి ఫిర్యాదులు వెళ్ళినా, అది భాషవాళ్ళ సొంత విషయం అన్న మర్యాద అడ్డొచ్చింది. కంచే చేను మేస్తుంటే, కంచెకి స్వయంప్రతిపత్తి ఉంది కదా అని ఊరుకున్నట్టు.

నేనుండే ఈ అల్ రయ్యాన్‌లో, ఎడ్యుకేషన్ సిటీ దాటి వెళ్తుంటే, నాతో పనిచేసే ఈజిప్టు మిత్రుడు ఇంకో ముచ్చట చెప్తుంటాడు. గల్ఫు నుంచి మొరాకో దాకా అందరికీ కలిపి ఒక అరబిక్ వికీపీడియా ఉంది. ఈజిప్టు వాడుకభాషకి 2008లో వేరేగా ఒకటి వచ్చింది. 2020లో అది పది లక్షల వ్యాసాలు దాటింది, ఎక్కువభాగం బాట్లు పుట్టించినవే. "మా ఊరి భాషలో పది లక్షలు! చదివేవాళ్ళు ఎంతమందో అడక్కు" అని నవ్వుతాడు. మనం మరీ నవ్వడానికి లేదు. తెవికీలో కూడా ఒకప్పుడు ఊళ్ళ పేర్లతో వేల మొలకలు బాటుతో నాటినవే. తేడా ఏమిటంటే, వాటిలో చాలావాటికి తర్వాత మనుషులు నీళ్ళు పోశారు.

అలాగని కేంద్రం కర్ర పట్టుకుంటే బాగుంటుందా? 2014 ఆగస్టులో అదీ జరిగింది. బొమ్మలు చూపించే కొత్త పద్ధతి ఒకటి ఫౌండేషన్ తెచ్చింది. జర్మన్ వికీపీడియా వాళ్ళు ఓటు వేసుకుని మాకు ముందే తెరుచుకోకూడదన్నారు. ఒక నిర్వాహకుడు తమ వికీలో దాన్ని ఆపేశాడు. ఫౌండేషన్ రాత్రికి రాత్రి, నిర్వాహకులు కూడా ముట్టుకోలేని కొత్త తాళం ఒకటి తయారుచేసి ఆ పేజీకి వేసింది. సూపర్‌ప్రొటెక్ట్ అని దాని పేరు. తిరుగుబాటు రేగింది. 2015 నవంబరులో ఆ తాళాన్నే తీసిపారెయ్యాల్సొచ్చింది. జర్మన్లు వేలమంది ఉన్నారు కాబట్టి అది తిరుగుబాటు అయింది. పదిమంది ఉన్న వికీకి ఆ తాళం వేసుంటే? ఆ పదిమంది మాట్లాడకుండా ఇళ్ళకి వెళ్ళిపోయేవాళ్ళు, ఎవరికీ తెలిసేది కూడా కాదు.

ఈ పేచీ ఇంకా తెగలేదు. కేంద్రానికీ సముదాయాలకీ అధికారాలు పంచే ఉద్యమ పత్రం ఒకటి ఏళ్ళ తరబడి రాశారు. 2024లో వాడుకరులూ, అనుబంధ సంస్థలూ ఓట్లలో ఔనన్నారు, ఫౌండేషన్ బోర్డు కాదంది. పత్రం అటకెక్కింది.

చదవకుండా కాపలా కాయడం

మరి తెలుగు రాని కాపలాదారు ఏం చెయ్యాలి? ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూశాక నాకొకటి అనిపించింది. అతను రాతని చూడలేడు, కానీ రాత వెనక ఉన్న అలవాట్లని చూడగలడు. ఆ చూపుకి భాష అక్కర్లేదు.

ఇక్కడ ఒకరు రాసింది ఇంకొకరు చూస్తున్నారా, లేక ఏడేళ్ళుగా ఒకే పేరు కనబడుతోందా? స్కాట్స్ సంగతి ఈ ఒక్క లెక్కతోనే పట్టుబడేది. నిషేధించినప్పుడు కారణం రాస్తున్నారా? అపాచీ వాళ్ళ వీటో నియమం లాంటిది క్రొయేషియాలో ఉండుంటే, కారణం లేని నిషేధాల చిట్టా తయారయ్యేది. ఏ చెయ్యి ఏది చేసిందో వెనక్కి నడిచి చూడొచ్చా? లినక్స్ సంతకం అందుకే. మార్చినదాన్ని మళ్ళీ యథాస్థితికి తేవచ్చా, పాత దారులు తెరిచే ఉన్నాయా? "సభ్యులు" లింకు ఇవాళ్టికీ పనిచేస్తోంది. చివరిగా, లోపల అన్యాయం జరిగినవాడు బయటికి వచ్చి చెప్పుకోవడానికి ఒక గుమ్మం ఉందా, అక్కడ పలికే మనిషి ఉన్నాడా?

కాపలాదారు పని ఈ ప్రశ్నల దగ్గర మొదలై ఈ ప్రశ్నల దగ్గరే ఆగాలి. ఏ మాట వాడాలి, ఏ వ్యాసం ఉండాలి, ఎంత యంత్రానువాదం సహించాలి అన్నవి చదవడం వచ్చినవాళ్ళ పనులు.

యంత్రానువాదం మాట వచ్చింది కాబట్టి, గూగుల్ కథకి కొసమెరుపు లాంటిది ఒకటి ఉంది. తర్వాతి రోజుల్లో వికీపీడియాలోనే ఒక అనువాద పరికరం వచ్చింది. యంత్రం ఇచ్చిన అనువాదాన్ని మనిషి సరిదిద్ది ప్రచురించాలి. యంత్రం ముద్దని అలాగే దించేస్తే అడ్డుకునే హద్దు ఒకటి ఉంటుంది, ఎంత శాతం దాటితే ఆపాలి అని. ఆ హద్దు అన్ని భాషలకూ ఒకటే పెడితే కేంద్రానికి సుఖం. కానీ తెలుగు వికీ వాళ్ళు తమ అనుభవం చెప్పి, హద్దు బిగించమని అడిగారు. బిగించారు. పరికరం వాళ్ళది, కొలత మనది. పదేళ్ళ కిందట గూగుల్ వ్యాసాలు నేర్పిన పాఠం ఆ అంకెలో ఉంది. తమిళులు అప్పుడే షరతులు పెట్టి సాధించినదాన్ని మనం ఆలస్యంగా, ఇంకో దారిలో సాధించాం.

ఇప్పుడు ఇది పాత ముచ్చటగా వదిలేసే వీల్లేదు. లక్షకు పైగా వ్యాసాలున్న తెలుగు వికీపీడియా ఇవాళ మనుషులు మాత్రమే చదివేది కాదు. మాటలు నేర్చుకునే యంత్రాలు దాన్ని చదువుకుంటాయి, అవి రాసింది తెలుగు కాబోలని రేపు పిల్లలు చదువుకుంటారు. ఎవరూ చూడని పేజీలో ఉండిపోయిన "పంపించబడియున్నది" లాంటి వాక్యం అక్కడితో ఆగదు. దాన్ని పట్టుకోవడానికి ఏ దేశంలో ఏ కాపలాదారునీ నియమించలేం. అతనికి తెలియని భాష గురించి అతన్ని ఎంత తిట్టినా లాభం లేదు.

మేము ఖతార్లో శుక్ర, శనివారాలు సెలవు తీసుకుంటాం. మీకు ఆదివారం కావచ్చు, అమెరికాలో ఉంటే మంచు పడి బయటికి వెళ్ళలేని ఏదో సాయంత్రం కావచ్చు. అలాంటప్పుడు ఒక వ్యాసం తీసి, మీ ఊరిదో మీ వృత్తిదో, చివరిదాకా చదవండి. తప్పు కనబడితే దిద్దండి, దిద్దడం రాకపోతే చర్చ పేజీలో ఒక ముక్క రాయండి. ఆ ముక్క కింద మీ సంతకం పడుతుంది. తెలుగు రాని ఆ కాపలాదారుకి చదవడం రాకపోయినా ఆ సంతకం కనబడుతుంది. అక్కడ ఇంకో మనిషి చూశాడన్న సంగతి అతనికి అర్థమవుతుంది.